జీడితోపు దగ్గర ఒక్క విజిల్

నేను ఒక విజిల్‌ని. ఇత్తడి ఒళ్ళు, పైన నికెల్ పూత, కడుపులో శనగగింజంత బెండు ఉండ. ఆ ఉండ గిరగిరా తిరిగితేనే నాకు గొంతు లేస్తుంది. ఎవరో ఒకరు ఊపిరి పోస్తే తప్ప నేను మాట్లాడను. మనుషులు అలా కాదు, ఎవరూ అడగకపోయినా మాట్లాడతారు. తప్పు పట్టడం లేదు. నా కథలో ముఖ్యమైన మనిషి అలాంటిదే.

నేను పుట్టింది ఎక్కడో ఉత్తరాదిన, ఒక రేకుల షెడ్డులో. ఇత్తడి రేకును అచ్చులో పెట్టి కొట్టారు, రెండు ముక్కలూ కలిపి అతికారు, ఊది చూడకుండానే అట్టపెట్టెలో సర్దేశారు. తిరిగి తిరిగి విజయనగరంలో ఒక ఆటసామాను కొట్టుకు చేరాను. అక్కడ నన్ను కొన్నది అప్పలస్వామి అనే డ్రిల్లు మాస్టారు. పదకొండేళ్ళు ఆయన జేబులో సుద్దముక్కలతో కాపురం చేశాను. ఆయన నన్ను ఊదితే పిల్లలు పరుగెత్తేవారు. ఆగమని ఊదినా పరుగెత్తేవారు. ఈ లోకంలో నా మాటకు విలువ లేదని అప్పటికే నాకు తెలిసిపోయింది.

ఆ పరుగెత్తేవాళ్ళలో అసిరితల్లి అనే పిల్ల ఒకతి ఉండేది. దాని కాళ్ళ కన్నా నోరు ముందు పరుగెత్తేది. పందెంలో రెండోదిగా వచ్చినా, "మొదట నానే వొచ్చినాను మాస్టారూ, అది అడ్డదారిన ఎల్లిపోనాది" అని వాదించేది. ఆ పిల్ల పెద్దదయింది. బస్సు కండక్టరు ఉద్యోగం తెచ్చుకుని, మిఠాయి పొట్లంతో మాస్టారి ఇంటికి వచ్చింది. ఆయన అప్పటికి రిటైరయ్యారు. నన్ను తీసి ఆమె చేతిలో పెట్టారు.

"నా దగ్గర ఉన్నన్నాళ్ళూ దీని మాట ఎవరూ వినలేదమ్మా. నీ దగ్గరైనా వింటారేమో చూడు."

విన్నారు! బస్సులో నా మాటే మాట. ఒక్కసారి పలికితే ఆగాలి. రెండుసార్లు పలికితే పోవాలి. ఇంత పెద్ద బస్సు, డెబ్బై మంది జనం, పైన మూటలు, కోళ్ళు, అన్నీ కలిపి నా రెండు కూతలకు కదిలేవి. డ్రైవరు సన్యాసినాయుడు వెనక్కి తిరిగి చూసేవాడే కాదు. "అద్దం అబద్ధమాడొచ్చు గానీ అసిరమ్మ విజిలు ఆడదు" అనేవాడు.

ఇరవై రెండేళ్ళు ఒకే రూటు. మా డిపో నుంచి కొండకింద ఉన్న గుమ్మిడిగూడ దాకా నలభై ఒక్క కిలోమీటర్లు. చీర మీద ఖాకీ చొక్కా, భుజాన సంచీ, మెడలో నేను. ఆమె నోరు మాత్రం బస్సు బయలుదేరక ముందే బయలుదేరేది.

"దిగినోళ్ళు దిగితేనే ఎక్కినోళ్ళు ఎక్కాలి! ఇదేటి, పెళ్ళిపందిరా తోసుకోడానికి? ఓ బావా, ఆ కోడికి టిక్కెట్టు తియ్యలేదు. పడుకుందా? పడుకున్నా సరే, సీటు ఆక్రమించింది కదా!"

ఇంటికి వెళ్ళాక కూడా ఆగేది కాదు. ఆమె భర్త తవిటయ్య బోర్డులు రాసే పెయింటరు. ఊళ్ళో సగం దుకాణాల పేర్లు ఆయన చేతివే. బస్సుల ముందు కట్టే రూటు బోర్డులూ ఆయనవే. అక్షరం రాస్తే ముత్యమే, కానీ నోరు విప్పితే రోజుకు పది మాటలు. అందులో నాలుగు "ఊఁ" లే. పిల్లలు లేరు. ఇద్దరికీ కలిపి ఆమే మాట్లాడేది. కూర ఎలా ఉందని ఆమె అడిగేది, బావుందని ఆమే చెప్పేది, అంత పొగడకయ్యా అని ఆమే సిగ్గుపడేది. ఆయన నవ్వి అన్నం కలుపుకునేవాడు. గోడమేకుకు వేలాడుతూ నేను వినేదాన్ని. అంత సుఖమైన కాపురం మరొకటి నేను చూడలేదు.

ఒక కార్తీకమాసంలో ఆమె మాటలు తారుమారు కావడం మొదలైంది. ఒకరోజు బస్సు మధ్యలో నిలబడి, "చెప్పులండీ చెప్పులు, చెప్పులు తీసుకోనివాళ్ళు తీసుకోండి" అంది. టిక్కెట్లు అనబోయింది. జనం పగలబడి నవ్వారు. అసిరమ్మ కొత్త హాస్యం అనుకున్నారు. ఆమె కూడా నవ్వింది. కానీ ఆ నవ్వు అయ్యాక నన్ను పట్టుకున్న వేళ్ళు చల్లగా ఉన్నాయి. ఆ సంగతి ఆ బస్సులో నాకొక్కదానికే తెలిసింది. పొద్దున్న లేస్తూనే తలనొప్పి అనేది. టీ తాగితే పోతుందని ఆమే వైద్యం చెప్పుకునేది.

తర్వాత పదిరోజులకు జరిగిందీ సంగతి. సాయంత్రం ట్రిప్పు. జీడితోపు దగ్గరికి వచ్చేసరికి బస్సులో నలుగురే మిగిలారు. అందులో దాలమ్మ అనే ముసలావిడ ఒకతె. సంతలో అమ్ముడుపోని అడ్డాకుల మోపును, అదే, విస్తళ్ళు కుట్టే ఆకుల మోపును, సీటు కింద పెట్టుకుని గుమ్మిడిగూడలో కూతురింటికి వెళుతోంది. కడుపు పట్టుకుని లేచింది.

"బుల్లెమ్మా, పొట్ట బాగోనేదే. రెండు నిమిషాలు ఆపుతావేటి?"

"ఎల్లిరా మామ్మా. నువ్వు రాకుండా ఈ బస్సు కదిలితే నా పేరు అసిరితల్లే కాదు."

ఒక్క విజిల్. బస్సు ఆగింది. దాలమ్మ దిగి జీడిచెట్ల వెనక్కి వెళ్ళింది. అసిరితల్లి కిటికీలోంచి అటే చూస్తోంది. చూస్తూ చూస్తూ ఉండగా ఆమె కళ్ళల్లోంచి ఆ ముసలావిడ జారిపోయింది. ఎందుకు ఆగామో ఆమెకు గుర్తు లేదు. నన్ను నోట్లో పెట్టుకుంది. రెండుసార్లు ఊదింది.

నేను పలికాను. పలకక ఏం చెయ్యను? సన్యాసినాయుడు గేరు వేశాడు. మిగిలిన ముగ్గురు ప్రయాణికుల్లో ఇద్దరు నిద్రలో ఉన్నారు, మూడోవాడు ఫోనులో ఉన్నాడు. వెనక రోడ్డు మీద ఎవరో చేతులూపుతూ అరిచారు. ఆ అరుపు ఏమిటో నాకు చాలా రోజులకు గానీ తెలియలేదు.

చివరి స్టాపులో సీటు కింద మోపు కనిపించింది. "ఎవరిదయ్యా ఇది?" అన్నాడు సన్యాసినాయుడు. ఆమె దాన్ని చూస్తూ నిలబడిపోయింది. మూడోరోజు డిపోలోనే కొంకర్లు పోతూ పడిపోయింది.

విశాఖపట్నం ఆసుపత్రిలో డాక్టరు తెరమీద ఫోటో పెట్టి తవిటయ్యకు చూపించాడట. మెదడులో ఎడమవైపు గడ్డ. కేన్సరు. తీసినంత తీశాం, మిగిలింది మాటలుండే చోటు, దాన్ని ముట్టుకోలేం, కొన్ని నెలలు అన్నాడట. తవిటయ్య "ఊఁ" అన్నాడు. ఒక నర్సు ఆమె పుస్తెలతాడు, గడియారం, నేను ఉన్న కవరు ఆయన చేతిలో పెట్టింది. ఆ కవరును ఒళ్ళో పెట్టుకుని ఆయన బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాడు. నా పక్కనే గడియారం టిక్కుటిక్కుమంటూ ఉంది. నాకు దానిమీద కోపం వచ్చింది.

ఇంటికి తెచ్చాక చూస్తే ఆమెకు అందరూ గుర్తున్నారు, అన్నీ అర్థమవుతున్నాయి. మాట మాత్రం రాదు. కుడిచెయ్యి లేవదు. తవిటయ్య పలక తెచ్చి గుండ్రంగా, అందంగా "నీళ్ళు", "అన్నం", "నొప్పి" అని రాసి చూపించాడు. ఆమె వాటిని తెలియని దేశపు ముగ్గుల్ని చూసినట్టు చూసింది. డాక్టరు ముందే చెప్పాడు, మాటతో పాటు అక్షరాలూ పోతాయని. జీవితమంతా అక్షరాల మీద బతికిన మనిషి పలకను మంచం కిందికి తోసేశాడు.

ఆరోజే నన్ను ఆమె మెడలో వేశాడు. ఎందుకో ఆయనకే తెలియదు. అలవాటైన మెడ బోసిగా ఉందనుకున్నాడేమో. గంజి తాగిస్తున్నాడు. గ్లాసు మరీ ఎత్తాడు. ఆమె ఎడమచేత్తో నన్ను అందుకుని ఒక్కటి ఊదింది.

తవిటయ్య చెయ్యి అక్కడే ఆగిపోయింది. బ్రేకు పడ్డట్టు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆయన గ్లాసు దించి, నెమ్మదిగా, "పోనీమంటావా?" అన్నాడు. రెండు విజిళ్ళు. గంజి కదిలింది. ఆమె నవ్వింది. సగం మొహమే నవ్వింది గానీ నిండుగా నవ్వింది.

ఇంక చూడండి మా ఇంట్లో బస్సు! దుప్పటి కప్పాలా? రెండు. టీవీలో ఈ సీరియలేనా? ఒకటి. మరిది భార్య వచ్చి పథ్యాల గురించి గంటసేపు ఉపన్యాసం ఇస్తే ఆగకుండా ఒకటి, ఒకటి, ఒకటి. పక్కింటివాళ్ళు, "తవిటయ్యా, బస్సేమైనా కొన్నావేటి?" అని అడిగేవారు. "కొన్నాను. డ్రైవర్ని నానే" అనేవాడు. అవును, ఆయనే. అడిగితేనే గానీ ఆమె జవాబు చెప్పలేదు కదా. అందుకని ఆయన అడగడం మొదలెట్టాడు. రోజుకు పది మాటలవాడు నిద్ర లేచింది మొదలు ప్రశ్నలే ప్రశ్నలు. బెండకాయా దొండకాయా, కిటికీ తెరవనా, నన్ను చేసుకున్నందుకు ఎప్పుడైనా బాధపడ్డావా. ఈ చివరిదానికి ఆమె నన్ను చాలాసేపు పెదాల దగ్గర పెట్టుకుని ఊరించి, చివరికి ఒక్కటి ఊదింది. ఆయన ఊపిరి పీల్చుకున్నాడు.

ఒక్క ప్రశ్నే తెగలేదు. సన్యాసినాయుడు ఆమె సామానుతో పాటు ఆ అడ్డాకుల మోపును కూడా ఆమెదే అనుకుని ఇంట్లో దించి వెళ్ళాడు. అది గది మూల ఉంది. ఆమె రోజూ ఎడమచెయ్యి అటు చాపి నన్ను ఊదేది. ఆపరేషన్ అయ్యాక తలలో వాపు తగ్గి, జారిపోయిన ముసలావిడ ఆమెకు తిరిగి వచ్చింది. నాకు తెలుసు. చెప్పలేను. నాకూ ఆమెకూ ఉన్నవి రెండే మాటలు.

"అమ్మీమంటావా?" ఒకటి. "ఎవరికైనా ఇచ్చీమంటావా?" రెండు, వెంటనే. "పక్కింటాళ్ళకా?" ఒకటి. "గుళ్ళోకా?" ఒకటి. మరిది భార్య చెవి కొరికింది, "దినం భోజనాలకి విస్తళ్ళు ముందే తెచ్చుకుంది పాపం." అసిరితల్లి వినేసింది. ఆ విజిల్‌కు వీధిలో వెళుతున్న ఆటో ఆగింది.

తిండి తగ్గింది. నిద్రలో కూడా చెయ్యి మూలకే చాపేది. ఒక మధ్యాహ్నం తవిటయ్య మోపు ముందు గొంతుకూర్చుని చాలాసేపు చూశాడు. ఇది కొండవైపు ఆకు, ఆమె రూటులోది. ఆయన ఎప్పుడూ ఆ బస్సెక్కలేదు. కానీ ఆ రూటు బోర్డు ఇరవై రెండేళ్ళలో తొమ్మిదిసార్లు రాశాడు. లేచాడు. మంచం చివర నిలబడ్డాడు. ఒక చెయ్యి పైకెత్తి కనపడని కడ్డీని పట్టుకున్నాడు. గొంతు సవరించుకుని, అచ్చం ఆమెలాగే అరిచాడు.

"దిగినోళ్ళు దిగితేనే ఎక్కినోళ్ళు ఎక్కాలి! గుమ్మిడిగూడ, గుమ్మిడిగూడ! కూరగాయల మార్కెట్టు!"

ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. రెండు విజిళ్ళు.

"ఇటికల బట్టీ!" రెండు. "రెల్లివలస!" రెండు. "పెదగెడ్డ వంతెన! నిద్దరోయినోళ్ళు లేవండి!" రెండు, నవ్వుతో వణుకుతూ. కిటికీ దగ్గర పక్కింటివాళ్ళు చేరారు. "సంతతోట!" రెండు.

"జీడితోపు!"

ఒకటి. ఇరవై రెండేళ్ళలో అంత పొడుగ్గా నన్నెప్పుడూ ఊదలేదు. ఊపిరి అయిపోయినా నన్ను పెదాల మీంచి తియ్యలేదు.

మర్నాడు పొద్దున్న తవిటయ్య మోపు భుజానికెత్తుకున్నాడు. బయలుదేరబోతుంటే ఆమె చెయ్యెత్తి పిలిచింది. నన్ను తన మెడలోంచి తీసి ఆయన మెడలో వేసింది. ఉన్న రెండు మాటలూ ఆయనకిచ్చి, ఆ రోజంతా ఉత్తినే కూర్చుంది.

జీడితోపులో దిగి రెండిళ్ళు అడిగామో లేదో, గుమ్మిడిగూడ నుంచి కూలికొచ్చి జీడిపిక్కలు కొడుతున్న ముసలావిడ ఒకతె రాయి పక్కన పెట్టి లేచింది.

"నా మోపే! నా ముడి నాకు తెల్దేటి? ఆ కండక్టరు పిల్ల, ఆ గుంటేది? నోటి నిండా మాటలు, ఒక్క మాటకి కట్టుబడనేదు! సీకటి పడతన్నాది, నన్నొగ్గీసి ఎల్లిపోనాది! నాలుగు మైళ్ళు పొట్ట పట్టుకుని నడిసినాను. ఏదీ, ఎక్కడున్నాది?"

తవిటయ్య చెప్పాడు. గడ్డ సంగతి, మాట పోయిన సంగతి, విజిల్ సంగతి. వింటూ వింటూ దాలమ్మ అలాగే నేలమీద కూలబడింది.

"నోరు పడిపోనాదా? నిజంగానేటి బాబూ? ఓలమ్మో... నానే. నానే తిట్టీసినాను. రోడ్డు మద్దిని నిలబడి, బస్సు ఎనకాల, నీ నోరు పడిపోనూ అని ముమ్మారు తిట్టినాను."

ఇదీ ఆరోజు నేను విన్న అరుపు.

"రా మామ్మా, నిన్ను చూస్తే దాని మనసు కుదుటపడుతుంది."

"నానెలాగొస్తాను? ఏ మొకం ఎట్టుకుని సూస్తాను? ఎల్లిపో బాబూ, ఆ మోపు కూడా నాకొద్దు."

అప్పుడు తవిటయ్య మాట్లాడాడు. ఆయన జీవితంలో అంతసేపు మాట్లాడటం అదే మొదలు. నేలమీద పుల్లతో తలకాయ బొమ్మ గీశాడు. అందులో గడ్డ గీశాడు.

"డాక్టరు ఫోటో తీశాడు మామ్మా. ఈ గడ్డ అప్పటికే ఆరేడు నెలల నాటిదన్నాడు. నువ్వు తిట్టింది ఎప్పుడు? కార్తీకం ఆఖర్లో. నీ తిట్టు కన్నా గడ్డ పెద్దది. వయసులో పెద్దది. అసలు ఈ గడ్డ మూలానే అది నిన్ను మరిచిపోయింది. తిట్టు వల్ల గడ్డ రాలేదు, గడ్డ వల్లే నీకు తిట్టొచ్చింది."

దాలమ్మ ఆ బొమ్మను, ఆయన మొహాన్ని మార్చి మార్చి చూసింది. వేళ్ళమీద నెలలు లెక్కబెట్టింది. రెండోసారి లెక్కబెట్టింది.

"ఒట్టే?"

"మా అసిరి మీద ఒట్టు."

ముక్కు చీదుకుంది. "అవున్లే. నా తిట్లకే అంత సత్తువుంటే మా ముసలోడు పెళ్ళయిన ఏడాదే పోవాల. తొంబై ఏళ్ళొచ్చినా గెడ్డకెల్లి సేపలు పట్టుకొస్తన్నాడు." అని లేచి చీర దులుపుకుంది.

మధ్యాహ్నం బస్సుకు ముగ్గురం వచ్చాం, నన్ను కూడా మనిషిగా కలుపుకుంటే. గుమ్మంలో దాలమ్మ ఆగిపోయింది. లోపల అసిరితల్లి దిళ్ళకు ఆనుకుని ఉంది. ముసలావిడను చూసింది. ఎడమచెయ్యి ఒక్కటే నుదుటికి చేర్చింది. దణ్ణం పెట్టడానికి రెండోచెయ్యి రాలేదు. తవిటయ్య నన్ను ఆమె చేతికిచ్చాడు.

ఆమె ఒక్కటి ఊదింది. మెల్లిగా, చిన్నగా. ఆగు అని. ఎనభై రోజులు ఆలస్యంగా ఆ బస్సు జీడితోపు దగ్గర ఆగింది.

"ఇప్పుడా ఆపడం, గుంటా?" అంది దాలమ్మ. వచ్చి మంచం అంచున, సీట్లో కూర్చున్నట్టు సర్దుకుని కూర్చుంది. పడిపోయిన కుడిచేతిని తన ఒళ్ళోకి తీసుకుంది. "సర్లే, ఎక్కీసినాను. ఇంక పోనీ."

రెండు విజిళ్ళు.

ఆ పూట దాలమ్మ ఎండిన ఆకులు నీళ్ళల్లో నానబెట్టి, ఈనెలతో విస్తళ్ళు కుట్టింది. అసిరితల్లి ఎడమచేత్తో ఆకులు అందించింది. ముగ్గురూ వాటిలోనే భోంచేశారు. దాలమ్మ బస్సులో తను ఎంతమంది కండక్టర్లను తిట్టిందీ, ఎవరెవరికి ఏమీ కాలేదో వరసగా చెప్పింది. మధ్యలో తవిటయ్య అందుకుని కోడి టిక్కెట్టు కథ చెప్పాడు. ఇన్నేళ్ళూ వింటూ పోగుచేసుకున్నవన్నీ ఆయన దగ్గర భద్రంగా ఉన్నాయి. అసిరితల్లి తన కథను తనే విని, మంచం ఊగేలా నవ్వింది. మూల ఖాళీ అయింది. ఆ తర్వాత ఆమె చెయ్యి ఎప్పుడూ అటు చాపలేదు.

ఇంకో పంతొమ్మిది రోజులుంది. వెళ్ళడం నిద్రలోనే వెళ్ళింది.

శ్మశానం దారిలో పాడెను దించి, చనిపోయినవాళ్ళ చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలవడం మా వైపు ఆచారం. దింపుడు కళ్ళం అంటారు. ఏమో, లేస్తారేమోనని చివరి ఆశ. మనుషులకు ఆశ చావదు, నాకు వాళ్ళలో నచ్చే గుణం అదే. తవిటయ్య వంగి, "అసిరీ" అన్నాడు. మళ్ళీ "అసిరీ" అన్నాడు. మూడోసారి పిలవలేదు. ఆమె మెడలోంచి నన్ను తీసి పెదాల మధ్య పెట్టుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన నన్ను ఊదింది లేదు.

ఒక్కటి ఊదాడు.

ఒక్కటంటే ఆగు. నాలోకి వచ్చిన ఊపిరి నాకు తెలియదా? ఆయనకు అక్కడే ఆపేయాలని ఉంది. సన్యాసినాయుడు పాడె కొమ్ము పట్టుకుని, జీవితంలో మొదటిసారి వెనక్కి తిరిగి చూశాడు. తవిటయ్య కళ్ళు మూసుకుని రెండోది కూడా ఊదాడు.

పాడె లేచింది.

ఇదంతా జరిగి రెండేళ్ళయింది. నేనిప్పుడు తవిటయ్య దుకాణంలో రంగుడబ్బాల పైన మేకుకు వేలాడుతున్నాను. నికెల్ పూత పోయి ఇత్తడి బయటపడింది. జీడితోపు రోడ్డుపక్కన ఇప్పుడొక బోర్డు ఉంది, "ఇచ్చట బస్సు ఆగును, మనిషి వచ్చువరకు" అని. డిపోవాళ్ళు పెట్టలేదు. ఎవరు రాశారో అక్షరాలు చూస్తే తెలిసిపోతుంది. డ్రైవర్లు మాత్రం ఆగుతున్నారట.

తవిటయ్య పనిచేస్తూ వచ్చినవాళ్ళతో కబుర్లు చెబుతాడు. కొన్ని రోజులు మాత్రం కుంచె కదులుతుంది గానీ మాట రాదు. మళ్ళీ "ఊఁ" ల్లోకి జారిపోతాడు. నిన్న అలాంటి రోజే. సంతకొచ్చిన దాలమ్మ మోపు గుమ్మంలో దించి, ఆయన వాలకం చూసి, తిన్నగా నా దగ్గరికి వచ్చింది. మేకు మీంచి తీసి నోట్లో పెట్టుకుంది. ఆవిడకు ముందుపళ్ళు లేవు. ఊదితే గాలంతా పక్కలనుంచి పోయింది. ఫుస్. ఇంకోసారి, ఫుస్.

"ఇదేటి బాబూ, పంచరయిపోనాదా?"

తవిటయ్య పకపకా నవ్వాడు. కుంచె డబ్బాలో పెట్టి, ఆవిడకు పీట వేసి, కోడి టిక్కెట్టు దగ్గర మొదలెట్టాడు.